పచ్చిక బయలులో చర్చి

చి. పిల్లలకు ఆశీస్సులు.

మఠం మూతపడ్డాక దాని చర్చి ఎలా నిలిచిందని అడిగారు కదా, వీస్ చర్చి సంగతి చెబుతాను. జర్మనీలో, బవేరియా దక్షిణాన, ఆల్ప్స్ పాదాల దగ్గర ఉంది. 'వీస్' అంటే పచ్చిక బయలు. ఇప్పటికీ చుట్టూ ఆవులు మేసే నేలే.

దగ్గరలోనే స్టైన్‌గాడెన్ మఠం ఉండేది. 1147లో ఆరవ వెల్ఫ్ ప్రభువు పెట్టించాడు. 1730లో గుడ్ ఫ్రైడే ఊరేగింపు కోసం ఆ మఠంలో కొరడా దెబ్బలు తిన్న క్రీస్తు బొమ్మ ఒకటి తయారుచేశారు. గొప్ప శిల్పమేమీ కాదు. పాత కొయ్యబొమ్మల ముక్కలు చేర్చి, కీళ్ళకు గుడ్డ చుట్టి, రంగు పూసిన అతుకుల బొమ్మ. కొన్నేళ్ళకే దాన్ని ఊరేగింపు నుంచి తప్పించారు. అది చివరికి వీస్‌లోని మరియా లోరీ అనే రైతు ఇల్లాలి ఇంటికి చేరింది. 1738 జూన్ 14న దాని కళ్ళల్లో నీళ్ళు కనిపించాయన్న మాట పుట్టింది. ఇక జనం ఆగుతారా? 1740లో కట్టిన చిన్న ప్రార్థన మందిరం ఏ మూలకూ చాలలేదు.

1745లో మఠం వాళ్ళు డొమినికుస్ సిమ్మర్‌మన్ అనే మేస్త్రీకి పెద్ద చర్చి కట్టే పని అప్పగించారు. 1754 నాటికి కోడిగుడ్డు ఆకారపు చర్చి లేచింది.

లోపల తలెత్తితే రాతి గోపురం అనుకుంటారు. అది కొయ్య! పైకప్పు దూలాలకు వంపు చెక్కలు వేలాడదీసి, వాటికి అడ్డంగా సన్న బద్దలు కొట్టి, కిందినుంచి గచ్చు మెత్తారు. ఇలాంటి పనిలో బద్దకీ బద్దకీ మధ్య సందు వదలాలి. మెత్తిన గచ్చు ఆ సందులో దూరి అవతల ముద్దకట్టి, కొక్కెంలా పట్టుకుంటుంది. సందు లేకపోతే ఎంత ఒత్తి పూసినా పెళ్ళలుగా ఊడుతుంది. రాతి గోపురమైతే గోడల్ని బయటికి తోస్తుంది, వాటిని మందంగా కట్టక తప్పదు. ఇక్కడ బరువు తక్కువ, అందుకే జంట స్తంభాలు సన్నగా ఉన్నాయి, కిటికీలు అంత పెద్దవి పెట్టగలిగారు. ఆ వెలుతురంతా కొయ్య చలవే. అయితే ఇలాంటి కట్టడానికి పైకప్పు కారడమే పెద్ద శత్రువు. తడిస్తే బద్ద ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గచ్చుకు ఆ సాగుడు చేతకాదు, బీట్లు వారుతుంది.

కప్పు మీది బొమ్మ గీసింది డొమినికుస్‌కు అన్నగారైన యోహాన్ బాప్టిస్ట్ సిమ్మర్‌మన్. అది ఫ్రెస్కో, అంటే తడి గచ్చు మీద గీసే బొమ్మ. ఆ పనిలో ఆ పూట గీయగలిగినంత మేరకే కొత్త గచ్చు పూయాలి. తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగు వేస్తే, సున్నం గాలి తగిలి మళ్ళీ రాయిగా మారుతూ రంగును తనలో బంధించుకుంటుంది. ఆలస్యమైతే రంగు పైపైనే ఉండి పొడిగా రాలుతుంది. సున్నానికి తట్టుకోని రంగులు అసలు పనికిరావు, మట్టి రంగులు నయం.

1803లో బవేరియా ప్రభుత్వం మఠాలను రద్దు చేసి ఆస్తులు తీసుకుంది. స్టైన్‌గాడెన్ మఠం భవనాలు చాలామటుకు కూల్చేశారు, అక్కడి చర్చి మాత్రం ఊరి చర్చిగా మిగిలింది. వీస్ చర్చినీ పడగొట్టాలనుకున్నారు. చుట్టుపక్కల రైతులు ఒప్పుకోలేదు. సన్యాసులు వెళ్ళిపోయినా యాత్రికులు వస్తూనే ఉన్నారు, చర్చిని కాచింది వాళ్ళే. 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1985 నుంచి 1991 దాకా పెద్ద మరమ్మతు జరిగింది.

మీరు వెళ్తే కప్పు బొమ్మను ఒక్క చోట నిలబడి చూడకండి. నడుమ ఇంద్రధనుస్సు మీద క్రీస్తు ఉంటాడు. బలిపీఠం వైపు, లోకాంతాన తీర్పు చెప్పే సింహాసనం ఉంది, దాని మీద ఇంకా ఎవరూ కూర్చోలేదు. దానికి ఎదురుగా, ప్రవేశ ద్వారం పైన, మూసి ఉన్న నిత్యత్వపు తలుపు గీశారు. చాలామంది దాన్ని చూడకుండానే వచ్చేస్తారు, ఎందుకంటే అది కనబడాలంటే బలిపీఠానికి వీపు తిప్పి నిలబడాలి.

ఇట్లు,
తాతయ్య