హెల్మెట్ మీది గుర్తు ఎవరిది? స్కీ రేసర్లకూ సమాఖ్యలకూ మధ్య తొంభై ఏళ్ల తగవు

2026 ఫిబ్రవరిలో ఇటలీలోని బోర్మియోలో జరిగిన ఒలింపిక్ జెయింట్ స్లాలోమ్‌లో (జెండాల మధ్య మలుపులు తిరుగుతూ మంచు కొండ దిగే స్కీ పోటీ) లూకాస్ పిన్యేరో బ్రాథెన్ స్వర్ణం గెలిచి, శీతాకాల ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌కు తొలి పతకం అందించారు. ఓస్లోలో పుట్టి, నార్వే జట్టులో ఎదిగి, 2023లో ఆ దేశం తరఫునే, సీజన్ పొడవునా సాగే ప్రపంచ కప్‌లో స్లాలోమ్ (మలుపులు ఇంకా దగ్గరగా ఉండే పోటీ) టైటిల్ సాధించిన ఈ యువకుడు తల్లి దేశమైన బ్రెజిల్ జెండా కింద పోటీ చేయడాన్ని చాలామంది భావోద్వేగ గాథగా చెప్పుకున్నారు. అందులో నిజం లేకపోలేదు గానీ, దేశం మారడానికి తక్షణ కారణం మాత్రం స్పాన్సర్ల హక్కుల మీద నార్వే స్కీ సమాఖ్యతో వచ్చిన తగాదా. ఆ తగాదా మూలాలు ఆయన పుట్టుకకు చాలా ముందటివి.

కొండవాలు మీంచి కిందికి దిగే ఆల్పైన్ స్కీయింగ్ 1936లో జర్మనీలోని గార్మిష్-పార్టెన్‌కిర్కెన్‌లో మొదటిసారి ఒలింపిక్స్‌లో చేరింది. డబ్బు గొడవ కూడా ఆ ఏడాదే మొదలైంది. పర్యాటకులకు స్కీయింగ్ నేర్పి జీతం తీసుకునేవారు వృత్తిదారులని, ఔత్సాహికుల (డబ్బు తీసుకోకుండా ఆడేవారి) పోటీలో వారికి చోటు లేదని ఒలింపిక్ కమిటీ తేల్చడంతో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ స్కీయర్లు ఆ పోటీలను బహిష్కరించారు. ఆల్ప్స్ పల్లెల్లో బాగా స్కీ చేయగల కుర్రవాడికి ఉన్న బతుకుతెరువే ఆ బోధన అన్న సంగతిని నిబంధన రాసినవారు పట్టించుకున్నట్టు లేదు.

1952 నుంచి 1972 వరకు ఒలింపిక్ కమిటీకి అధ్యక్షుడిగా ఉన్న అమెరికన్ ఆవెరీ బ్రండేజ్‌కు స్కీయింగ్‌లోని వాణిజ్యమంటే గిట్టేది కాదు. 1968 గ్రెనోబుల్ క్రీడలకు ముందు స్కీల మీద తయారీ సంస్థల పేర్లే ఉండకూడదని ఆయన పట్టుబట్టగా, చివరికి రేసు ముగించిన ఆటగాడి చేతిలోంచి ఫొటోలు తీసేలోపే స్కీలను తీసేసుకోవాలన్న రాజీ కుదిరింది. జాన్-క్లోడ్ కిల్లీ మూడు స్వర్ణాలు గెలిచిన క్రీడలవి. ముగింపు గీత దాటిన వాడి దగ్గరకు ముందు అధికారులు, ఆ తర్వాతే కెమెరాలు చేరాలన్న ఏర్పాటు ఇప్పుడు నవ్వు తెప్పించవచ్చు.

నాలుగేళ్ల తర్వాత జపాన్‌లోని సపోరో ఒలింపిక్స్‌లో మాత్రం నవ్వుకునే పరిస్థితి లేదు. రెండుసార్లు ప్రపంచ కప్ ఓవరాల్ (అన్ని రకాల పోటీలూ కలిపి) విజేత అయిన ఆస్ట్రియా ఆటగాడు కార్ల్ శ్రాంజ్‌ను, తన పేరును, బొమ్మను ప్రకటనలకు వాడనిచ్చాడన్న ఆరోపణతో, ప్రారంభోత్సవానికి మూడు రోజుల ముందు బయటికి పంపారు. అగ్రశ్రేణి స్కీయర్లంతా ఏదో ఒక రూపంలో డబ్బు తీసుకుంటున్నారని అందరికీ తెలిసినా, శిక్ష ఒక్కడికే పడింది. శ్రాంజ్ వియన్నాలో దిగినప్పుడు లక్షకు పైగా జనం వీధుల్లోకి వచ్చారని అంచనా. ఆస్ట్రియా ప్రభుత్వాధినేత, ఛాన్సలర్ బ్రూనో క్రైస్కీ ఆయనను స్వయంగా కలుసుకున్నారు. ఒలింపిక్ స్వర్ణం మాత్రం శ్రాంజ్‌కు ఎన్నడూ దక్కలేదు.

బ్రండేజ్ దిగిపోయాక, 1974లో, నిబంధన సడలింది. నా ఉద్దేశంలో నేటి తగవుకు అసలు మలుపు ఇదే. ఎందుకంటే డబ్బు తీసుకోవచ్చన్నారు గానీ, ఆటగాడు నేరుగా కాక జాతీయ సమాఖ్య ద్వారానే తీసుకోవాలన్నారు. ఆ విధంగా ఔత్సాహికతను కాపాడే పేరుతో సమాఖ్య మధ్యవర్తి అయి కూర్చుంది. ఈ పద్ధతి వద్దని, నేరుగా సంపాదించుకునే 'బి' లైసెన్స్ తీసుకున్న స్వీడన్ ఆటగాడు ఇంగెమార్ స్టెన్‌మార్క్‌కు 1984 సరయెవో ఒలింపిక్స్‌లో ప్రవేశం లేకపోయింది. లీహ్టెన్‌స్టైన్ క్రీడాకారిణి హన్నీ వెంజెల్‌కూ అదే గతి పట్టింది. 1980 లేక్ ప్లాసిడ్‌లో చెరి రెండు స్వర్ణాలు గెలిచిన ఆ ఇద్దరూ వాటిని నిలబెట్టుకునే పోటీకి కూడా నోచుకోలేదు.

ఔత్సాహిక నియమం పోయినా మధ్యవర్తి పోలేదు. క్రికెట్‌లో జెర్సీ మీది స్పాన్సర్ బోర్డుకూ, బ్యాట్ మీది స్టిక్కర్ ఆటగాడికీ చెందినట్టే, స్కీయింగ్‌లో చాలా దేశాల్లో రేసింగ్ సూట్ సమాఖ్యది, హెల్మెట్ ముందుభాగం రేసర్‌ది. రేసు తర్వాత టీవీ కెమెరా నిలిచేది ముఖం మీదే కాబట్టి ఆ నాలుగంగుళాల చోటుకే ఎక్కువ ధర పలుకుతుంది. నార్వేలో మాత్రం హెల్మెట్ కూడా సమాఖ్య ఒప్పందాల కిందికే వచ్చేది. పానీయాల సంస్థ రెడ్ బుల్ గుర్తు పెట్టుకోనివ్వాలంటూ నార్వే రేసర్ హెన్రిక్ క్రిస్టోఫర్సెన్ కోర్టుకెక్కారు. వ్యవహారం నార్వే సభ్యదేశంగా ఉన్న యూరప్ వాణిజ్య కూటమి ఎఫ్టా న్యాయస్థానం దాకా వెళ్లి 2018లో సలహా తీర్పు వెలువడింది, కానీ చివరికి ఓస్లో కోర్టులో గెలిచింది సమాఖ్యే. సమాఖ్య వాదనను తేలిగ్గా తీసిపారేయలేం: పెద్ద ఆటగాళ్ల పేరుతో వచ్చే డబ్బే కోచ్‌లకూ, ప్రయాణాలకూ, ఇంకా పేరు రాని పిల్లల శిక్షణకూ ఖర్చవుతుంది.

2023 అక్టోబరులో, సీజన్ తొలి రేసు ముంగిట, ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో ఇరవై మూడేళ్ల బ్రాథెన్ రిటైర్మెంట్ ప్రకటించింది ఈ వాతావరణంలోనే. 2024 మార్చిలో బ్రెజిల్ తరఫున తిరిగి వస్తానన్నారు, 2025 నవంబరులో ఫిన్లాండ్‌లోని లెవీలో ఆ దేశానికి తొలి ప్రపంచ కప్ విజయం తెచ్చారు. సమాఖ్యతో పడక జెండా మార్చడం కొత్తేమీ కాదు: ఆస్ట్రియాలో పుట్టిన మార్క్ జిరార్డెల్లి, శిక్షణ విషయంలో తండ్రికి అక్కడి సమాఖ్యతో చెడడంతో లక్సెంబర్గ్ తరఫున ఆడి, అయిదు ఓవరాల్ టైటిళ్లు గెలిచాడు. అయితే ఈ దారి స్పాన్సర్లు వెతుక్కుంటూ వచ్చేంత పేరు, మరో దేశంతో సంబంధం ఉన్నవారికే తెరుచుకుంటుంది. ప్రపంచ కప్‌లో 30వ స్థానం చుట్టూ తిరిగే రేసర్ కోచ్ కోసమూ, విమాన టికెట్టు కోసమూ సమాఖ్య మీదే ఆధారపడతాడు గనుక, ఒప్పందంలో ఏం రాసి ఉన్నా సంతకం పెడతాడు.