తిండి మానేస్తే తగ్గేది కొవ్వేనా?

పన్నెండేళ్లుగా జిమ్‌లో ట్రైనింగ్ ఇస్తున్నాను. బరువు తగ్గాలని వచ్చేవాళ్లు మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: "రాత్రి అన్నం మానేశానండీ." కూరలో పోసే నూనె కొలిచి చూసినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఒకరిద్దరే తగిలారు.

అపోహ: లావు అన్నం వల్లే.

వాస్తవం: 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 130 కేలరీలు. ఒక్క టేబుల్ స్పూన్ నూనెలో 120. అలాగని అన్నానిది తప్పేమీ లేదనను. కంచం నిండా అన్నం, ఓ మూల గరిటెడు కూర, ఇదీ మన అలవాటు. ముందు దాన్ని తిరగెయ్యాలి. అన్నం మానేసి నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు తింటే మాత్రం ఒరిగేదేమీ లేదు.

అపోహ: ఎంత కడుపు మాడ్చుకుంటే అంత కొవ్వు కరుగుతుంది.

ఈ పని నేనూ చేశాను. పెళ్లికి ముందు రెండు నెలలు దాదాపు పండ్ల మీదే బతికాను. బట్టలు వదులయ్యాయి. కానీ 80 కిలోలతో స్క్వాట్స్ చేసేవాణ్ణి 60 దగ్గరే చతికిలబడ్డాను. మొదటి వారం తగ్గేదాంట్లో ఎక్కువ భాగం నీరే. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండి పదార్థం గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ముందు ఖాళీ అయ్యేది అదే. కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. రోజుకు 500 తగ్గించి తింటే ఆ కిలో కరగడానికి రెండు వారాలు దాటుతుంది. తొందరపడి ఇంకా కోత పెడితే కొవ్వుతో పాటు కండా పోతుంది, తూకం మెషిన్‌కి ఆ తేడా తెలియదు.

వెయిట్స్ అవసరం ఇక్కడే. పని చెప్పిన కండను శరీరం అంత తేలిగ్గా వదులుకోదు. వారానికి రెండు మూడు రోజులు, కాళ్లు, వీపు, ఛాతీ, భుజాలు అన్నిటికీ పని తగిలితే చాలు.

అపోహ: కండ పెరిగితే కూర్చున్నా కేలరీలు కరిగిపోతాయి.

ఇది మా ట్రైనర్లే పుట్టించిన అబద్ధం. కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు. ఒక మారీ బిస్కెట్‌కి కూడా చాలదు! కేలరీల లోటు రావాల్సింది వంటింట్లోనే.

అపోహ: ఆడవాళ్లు బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతారు.

నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దాకా ఉంటుంది. దాన్ని ఇంట్లో అటూ ఇటూ జరిపే ఆవిడకి 5 కిలోల డంబెల్ అంటే భయం. ఆడవాళ్లలో కండ పెంచే టెస్టోస్టెరాన్ హార్మోన్ చాలా తక్కువ, అంత కండ రాదు.

అపోహ: రోజూ పప్పు తింటున్నాం, ప్రోటీన్‌కి లోటేముంది?

పప్పులో ప్రోటీన్ ఉంది, పలచటి పప్పుచారులోనే పప్పు లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చెబుతుంది. తిండి తగ్గించి వెయిట్స్ చేసేవాళ్లకు నేను 1.2 నుంచి 1.6 దాకా చెబుతాను. గుడ్డుకి 6 గ్రాములు, 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌కి 25 దాకా. మీల్‌మేకర్ అంటే మొహం ముడుస్తారు గానీ, శాకాహారులకు అంత చవకైనది ఇంకోటి దొరకదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ప్రోటీన్ పెంచకూడదు.

షుగర్‌కి ఇన్సులిన్ వేసుకునేవాళ్లకూ ఇదే మాట. తిండి తగ్గించి, వెయిట్స్ మొదలుపెట్టి, డోసు మాత్రం పాతదే ఉంచితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డోసు సంగతి ముందే మాట్లాడుకుని జిమ్‌కి రండి.