641 గంటల గడియారం

ఒక పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో, నేరుగా భాగించకుండా తేల్చవచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. కొన్నిసార్లు భేషుగ్గా తేల్చవచ్చు. ఇందులో నా అభిమాన సంఖ్య 4294967297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ముప్పై రెండు రెళ్లను గుణించి ఒకటి కలిపితే వచ్చేది ఇదే: 2³² + 1.

3, 5, 17, 257, 65537. ఈ వరుసలో 2 మీది ఘాతం ప్రతిసారీ రెట్టింపవుతుంది, చివర ఒకటి కలుస్తుంది. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆ తర్వాతవన్నీ అంతేనని 1640లో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ ఆరోదాన్ని, అంటే మన 2³² + 1ని, పట్టుకుని రెండు ముక్కలు చేశాడు: 641 × 6700417.

ఇప్పుడు అసలు సరదా. 12 గంటల గడియారంలో 12 అంటే సున్నా, 11 అంటే −1. అలాగే 641 గంటల గడియారం ఊహించుకోండి: ఏ సంఖ్యకైనా 641తో భాగిస్తే మిగిలే శేషమే అందులో లెక్క. అందులో 640 అంటే −1. కానీ 640 = 5 × 2⁷. కాబట్టి 5 × 2⁷ = −1. దీన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే మైనస్ పోతుంది: 5⁴ × 2²⁸ = 1.

ఇంకో చిత్రం: 641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴. ఈ గడియారంలో 641 సున్నా కదా, కాబట్టి 5⁴ = −2⁴. పై వరుసలో 5⁴ తీసేసి ఇది పెట్టండి: −2⁴ × 2²⁸ = 1. అంటే −2³² = 1. అంటే 2³² + 1 = 0. శేషం సున్నా! 429 కోట్ల జోలికే పోలేదు. రాసిన అతి పెద్ద సంఖ్య 641. శేషాన్ని బళ్లో భాగహారం మిగిల్చిన తుక్కులా చెప్పి వదిలేస్తారు, అదే నాకు బాధ. పేరులోని అంకెలు కూడి అదృష్టం చెప్పేవాళ్లు చేసేదీ శేషాలే, 9తో భాగిస్తే వచ్చేవి. జాతకం మాత్రం అందులో ఉండదు.

సరే, 641నే ఎందుకు ప్రయత్నించాలి? p అనే ప్రధాన సంఖ్య ఈ సంఖ్యను భాగిస్తే, p గడియారంలో 2³² = −1, కాబట్టి 2⁶⁴ = 1. 64కు ముందు ఏ ఘాతమూ 1 కాదు. 2కు p − 1వ ఘాతం మాత్రం ఆ గడియారంలో 1 కావాలని ఫెర్మా సిద్ధాంతమే చెబుతుంది. కాబట్టి p − 1ని 64 భాగించాలి. ఆయన ఊహను కూల్చిన ఆయుధం ఆయనదే! అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఇందులో 257 కుదరదు. ఎందుకంటే మన సంఖ్యకు రెండు తక్కువైన 4294967295, అంటే కంప్యూటర్‌లో 32 బిట్లలో (0 లేదా 1 పట్టే 32 గళ్లలో) పట్టే అతి పెద్ద సంఖ్య, సరిగ్గా 3 × 5 × 17 × 257 × 65537. దాన్ని భాగించే 257, రెండు ఎక్కువున్న దాన్ని భాగించలేదు. అంటే 641 నాలుగో ప్రయత్నంలోనే దొరుకుతుంది.

ఫెర్మా వరుసలో ఆరోదానితో మొదలుపెట్టి వరుసగా 28 సంఖ్యలు ప్రధానం కావని ఇప్పటికి తేలింది. ఆ తర్వాతి దాని సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.