పిల్లలతో అంటార్కిటికా యాత్ర: అపోహలు - వాస్తవాలు

ప్రకాశం జిల్లా తీరంలోని ఒక హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. మా తరగతి నుంచే అంటార్కిటికాకు వర్చువల్ యాత్ర చేయిస్తుంటాను. దీని మీద తోటి టీచర్లు, తల్లిదండ్రులు అనే మాటలకు నా జవాబులివి.

అపోహ: మంచే చూడని పిల్లలకు ఏం అర్థమవుతుంది?

రొయ్యల పట్టుబడి రోజు ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు రావడం, రొయ్యల మీద ఐస్ పొరలు పరచడం మా పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. చెరువు నీటి రంగు చూసి ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) గురించి మాట్లాడే ఇళ్లు వాళ్లవి. అంటార్కిటికా సముద్రంలో రొయ్యను పోలిన క్రిల్ ఉంటుంది, పెరిగితే 6 సెంటీమీటర్లు. అది ప్లాంక్టన్‌ను తింటుంది. పిల్ల క్రిల్ చలికాలంలో సముద్రపు మంచు అడుగున పట్టే నాచు మీద బతుకుతుంది. తిమింగలాలు, సీల్స్, పెంగ్విన్లు క్రిల్‌ను తింటాయి. ఇంత చెబితే చాలు, మంచు తగ్గితే ఏమవుతుందో మా పిల్లలే చెప్పేస్తారు.

అపోహ: వర్చువల్ యాత్ర అంటే తరగతిలోని డిజిటల్ ప్యానెల్ మీద వీడియో వేయడమే.

వీడియో ఉంటుంది, కానీ యాత్ర అది కాదు. పిల్లలు కొలవాలి, లెక్క వేయాలి. నేను గ్లోబుతో మొదలుపెడతాను. ఒంగోలు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అక్కడి నుంచి వేలు తిన్నగా దక్షిణానికి జరిపితే శ్రీలంక దాటాక అంటార్కిటికా దాకా ఎక్కడా నేల తగలదు. అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం భారతి 76 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి రెండు చోట్లా మిట్టమధ్యాహ్నం ఇంచుమించు ఒకేసారి అవుతుంది.

డిసెంబరు 21 ప్రాంతంలో మీటరు కర్ర నిలబెడితే మధ్యాహ్నం మా బడి ఆవరణలో నీడ సుమారు 80 సెంటీమీటర్లు, ఉత్తరానికి పడుతుంది. భారతిలో ఎంత పడుతుందో పిల్లలు అక్షాంశాన్ని బట్టి లెక్క కడతారు: సుమారు 104, దక్షిణానికి. తేడా అంతేనా అని ఆశ్చర్యపోతారు. పైగా ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు అస్తమించడు. మరి ఎందుకంత చలి? ఈ ప్రశ్న పిల్లల నోట రావాలి, అదే నాకు కావాల్సింది. తెల్ల పళ్లెం, నల్ల పళ్లెం ఎండలో పెట్టి థర్మామీటరుతో చూస్తాం. కొత్త మంచు తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుందని అప్పుడు చెబుతాను. నెట్ పోయినా ఈ పాఠం ఆగదు.

అపోహ: సముద్రంలో తేలే మంచు కరిగి మన ఊళ్లు మునుగుతాయి.

దీన్ని తప్పకుండా సరిచేయాలి. ఒక గ్లాసు నీళ్లలో ఐస్ ముక్కలు తేలనివ్వండి. ఇంకో గ్లాసులో నీటిపైకి పొడుచుకొచ్చేలా రాయి పెట్టి దానిమీద ఐస్ ఉంచండి. రెండిట్లో నీటిమట్టం గుర్తు పెట్టండి. కరిగాక మొదటి గ్లాసులో మట్టం మారదు, రెండోదాంట్లో పెరుగుతుంది. సముద్రమట్టాన్ని పెంచేది ముఖ్యంగా నేల మీది మంచు, వేడికి వ్యాకోచించే సముద్రపు నీరు. అలాగని తేలే మంచు కరిగితే నష్టం లేదని పిల్లలు అనుకోకూడదు. అది పోయినచోట నల్లటి నీరు బయటపడి ఇంకా వేడిని పీల్చుకుంటుంది. నల్ల పళ్లెం ఇక్కడ మళ్లీ గుర్తు చేస్తాను.

అపోహ: పెంగ్విన్లు, ధ్రువపు ఎలుగుబంట్లు ఒకేచోట ఉంటాయి.

కార్టూన్ల పుణ్యం. ఎలుగుబంట్లు ఉత్తరాన ఆర్కిటిక్‌లో, అంటార్కిటికా పెంగ్విన్లు దక్షిణాన.

అపోహ: అంత దూరపు చోటుతో మనకేం పని?

భారత్ మొదటి యాత్ర 1981లో బయల్దేరింది. మన పరిశోధన కేంద్రాలు మైత్రి 1989 నుంచి, భారతి 2012 నుంచి అక్కడ ఉన్నాయి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం వీటిని నడుపుతోంది. అంతకంటే పాత బంధుత్వం కూడా ఉంది: సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం విడిపోయేదాకా మన తూర్పు తీరం అంటార్కిటికాను అంటుకునే ఉండేది. తూర్పు కనుమల్లోని రాళ్లను పోలిన రాళ్లు అక్కడా ఉన్నాయి.

అపోహ: సిలబస్ వెనకబడుతుంది.

అక్షాంశాలు, సాంద్రత, ఉష్ణం, ఆహారపు గొలుసు, అన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నవే. ఆ పాఠాలు వచ్చే వారాల్లోనే యాత్ర పెట్టుకుంటే అదనపు పీరియడ్లు అడగాల్సిన పని ఉండదు.