గుంటలో పీత, పట్టాల పక్కన పిన్ని

విశాఖలో తెన్నేటి పార్కు కిందికి దిగితే, అలలు వెనక్కి తగ్గిన వేళ రాళ్ల సందుల్లో నీటి గుంటలు కనిపిస్తాయి. ఖాళీ నత్తగుల్లను వీపున మోసుకు తిరిగే చిన్న పీతలు వాటిలో ఉంటాయి. మొన్న ఒకదాని మీదుగా చెయ్యి ఆడించాను. నీడ పడగానే గుల్లలోకి ముడుచుకుపోయింది. కాసేపటికి ముందు మీసాలు, తర్వాత కాళ్లు బయటపెట్టింది. మళ్లీ ఆడించాను. ఈసారి తొందరగానే బయటికొచ్చింది. పదోసారికి నా నీడని లెక్కే చేయలేదు.

పాపం అలిసిపోయిందేమో అనుకుంటాం. పక్క రాయిని గులకరాయితో టక్కున కొట్టి, అది తేరుకున్నాక మళ్లీ పాత నీడే చూపించాను. మొదటిసారిలాగే బెదిరింది! అలసటే అయితే ఆ బెదురు తిరిగి రాకూడదు. పీత నీడని చూస్తూనే ఉంది. ప్రమాదం లేదని నేర్చుకుని ఊరుకుంది, అంతే. రాయి చప్పుడు ఆ ధీమాని చెరిపేసింది.

ఇది నాడీకణాల్లో ఎలా జరుగుతుందో నాడీశాస్త్రవేత్త ఎరిక్ క్యాండెల్ అప్లీసియా అనే సముద్రజీవిలో చూపించారు. దానికున్నవి సుమారు 20,000 నాడీకణాలే. నీటిని వదిలే గొట్టాన్ని తాకితే మొప్పని లోపలికి లాక్కుంటుంది. పదేపదే తాకితే, స్పర్శని మోసే కణం తర్వాతి కణానికి అందించే రసాయనం తగ్గుతూ వస్తుంది. తోకకి షాక్ ఇస్తే సెరటోనిన్ అనే మరో రసాయనం విడుదలై, తగ్గిన మొదటి రసాయనం మళ్లీ పెరుగుతుంది. జ్ఞాపకం మీద చేసిన ఇలాంటి కృషికే 2000లో ఆయన నోబెల్ పంచుకున్నారు.

మర్రిపాలెంలో మా పిన్ని వాళ్లిల్లు రైలు పట్టాల పక్కనే. అక్కడ మొదటి రాత్రి గూడ్సు వెళ్లిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచాను. నాలుగో రాత్రికి ఒళ్లు తెలియని నిద్ర. ఐదో రాత్రి వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. ఆ తర్వాత వచ్చిన గూడ్సుకి మళ్లీ గుండె ఝల్లుమంది. చప్పుడు మాత్రం రోజూ వినేదే.

పిన్నిని అడిగితే, "రైళ్లా? నాకసలు వినపడవురా" అంటుంది. రాత్రి చప్పుళ్ల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఆ మాట సగమే నిజం. అలవాటయ్యే కొద్దీ మెలకువ రావడం తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవాళ్లకి కూడా, నిద్రలోనే, చప్పుడుకి గుండె వేగం పెరుగుతూనే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆవిడ మంచాన్ని పట్టాల వైపు గదిలోంచి వెనక గదిలోకి మార్చి వచ్చాను.