మన అంబాసిడర్ కింద నీళ్ళ మడుగు

విజయవాడ

చిరంజీవులైన నా మనవళ్ళకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఇంజన్ చేయించి తెచ్చిన మర్నాడే కారు కింద మడుగు చూసి, "ఇంత డబ్బు పోసి బాగుచేయిస్తే ఇప్పుడు కారడమేంటి తాతయ్యా?" అని అడిగారు. ఫోన్లో సగమే చెప్పగలిగాను, అందుకే ఈ ఉత్తరం.

మనది 1489 సీసీ ఇంజన్, పోత ఇనుముది. పెట్రోలు మండే వేడిని దాని చుట్టూ తిరిగే నీళ్ళు మోసుకెళ్ళి రేడియేటర్లో వదులుతాయి. ఏళ్ళ తరబడి కుళాయి నీళ్ళు పోశాం కాబట్టి లోపలంతా తుప్పు, గార పట్టింది. సన్నని చిల్లుల్ని ఆ తుప్పే మూసి ఉంచింది. ఆటోనగర్‌లో బ్లాకును, అంటే ఇంజన్ ప్రధాన ఇనుప దిమ్మను, కడిగేసరికి తుప్పుతో పాటు ఆ మూతలూ పోయాయి. పైగా ఈసారి ఉత్త నీళ్ళు కాక కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, పోశాం. అది నీళ్ళు దూరని సందులో కూడా దూరుతుంది. పాత జబ్బే ఇప్పుడు బయటపడింది, మేస్త్రీని అనకండి.

రేడియేటర్ షాపులో మూత తీసి ఆ చోట చేతిపంపు బిగించి గాలి కొట్టారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఈ పరీక్ష. ఒత్తిడి చూపే గేజీ ముల్లు మెల్లగా కిందికి జారుతుంటే నేను టార్చిలైటుతో వెతికాను. కింది హోస్ క్లిప్పు వదులుగా ఉంది, బిగించాం. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ కారితే లోపలి సీలు పోయినట్టు. రంధ్రాన్ని మాత్రం మూయకూడదు. మనది పొడిగానే ఉంది. అసలు దొంగ బ్లాకు పక్కనున్న రేకు బిళ్ల, అంటే బ్లాకు పోత పోసినప్పుడు మిగిలిన రంధ్రాన్ని మూసే మూత. అంచు చుట్టూ తుప్పు చార. ఇంజన్ విప్పినప్పుడే బిళ్లలన్నీ మార్పించాల్సింది, నేనే గట్టిగా చెప్పలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే పలక, హెడ్ గ్యాస్కెట్, పోయి నీళ్ళు ఇంజన్ లోపలికి పోతున్నాయేమోనని ముందు భయపడ్డాను. ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు కలిసినట్టు లేదు, పొగ తెల్లగా లేదు. ఊపిరి పీల్చుకున్నాను. కొంత తిరిగాక, ఇంజన్ చల్లారాక హెడ్ నట్లు నడిమి నుంచి చివరలకు వరసగా మళ్ళీ బిగించాలి.

చిల్లులు మూసుకుంటాయని కొందరు రేడియేటర్లో పసుపు పోయమన్నారు. దారిలో ఇబ్బంది గట్టెక్కడానికైతే సరే, ఇంటికొచ్చాక కడిగేయాలి. లేకపోతే సన్నని గొట్టాల్లో పేరుకుని, మే నెల ఎండలో కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో ఇంజన్ కాగిపోతుంది.

రెండు మాటలు బాగా గుర్తుంచుకోండి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. మూత పట్టి ఉంచిన ఒత్తిడి వదలగానే నీళ్ళు ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతాయి. ఇంకొకటి, కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కింద పడితే వెంటనే కడిగేయండి, మన కుక్క నాకుతుంది.

ఆదివారం పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగానే రండి. కొత్త బిళ్ల కొట్టాక కారు కింద పాత పేపర్లు పరిచి ఉంచుతాను, తడి ఎక్కడైనా ఉందేమో మీరే చూసి చెబుదురుగాని.

మీ తాతయ్య