కథ ఎత్తుకుపోతారన్న భయం: అపోహలు, వాస్తవాలు

విజయవాడ ప్రచురణకర్తలకు వచ్చే నవలల రాతప్రతులు చదివి దిద్దడం నా పని. ఈ మధ్య ఫాంటసీలు ఎక్కువగా వస్తున్నాయి. ముఖ్యంగా, బద్ధశత్రువులైన ఇద్దరు దొంగలు ఒకే ఖజానా కోసం చేతులు కలపక తప్పని కథలు. రాసినవాళ్లందరిదీ ఒకటే భయం.

అపోహ: ఐడియా చెబితే ఎవరో రాసేసుకుంటారు. ముందే దానికి కాపీరైట్ తీసుకోవాలి.

వాస్తవం: ఐడియాకు కాపీరైట్ లేదు, ఎవరూ ఇప్పించలేరు. తన నాటకాన్నే సినిమాగా తీశారంటూ ఒక రచయిత వేసిన ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఇతివృత్తం ఎవరి సొత్తూ కాదు, దాన్ని రచయిత మలిచిన తీరుకే రక్షణ. అసలు దొంగతనం కథ ఎవరిదని చెప్పగలం? మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో శర్విలకుడనే దొంగ కొలత తాడు మరిచిపోయి, జంధ్యంతో కొలిచి గోడకు కన్నం వేస్తాడు. కవి కేతన 13వ శతాబ్దిలోనే సంస్కృత దశకుమారచరిత్రను తెలుగు చేసి అందులోని అపహారవర్మ చోరకళను మనకు అందించాడు.

గుంటూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ప్రతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడే గానీ బల్ల మీద పెట్టలేదు. 'ఐడియా రిజిస్ట్రేషన్' పేరుతో ఒక మధ్యవర్తి అతని దగ్గర వేలకు వేలు గుంజాడు. ఆ భయం చూస్తే జాలేసింది, గుంజినవాడి మీద ఒళ్లు మండింది. డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఏళ్ల తరబడి ఆ నవలను అతను ఎవరికీ చూపలేదు. మూడో అధ్యాయంలోనే ఏ తలుపునైనా తెరిచే మంత్రపు తాళంచెవి ఇద్దరు దొంగల్లో ఒకడికి దొరుకుతుంది. ఇక పగవాడితో అతనికి పనేమిటి? ఒక్క స్నేహితుడు చదివినా ఆ ప్రశ్న అడిగి ఉండేవాడు. అదే నవలలో, కన్నం వేస్తున్నవాడి చేయి వణుకుతుంటే రెండోవాడు ఏమీ అనకుండా దీపం కాస్త దగ్గరికి జరుపుతాడు. చక్కని దృశ్యం! అది అతనిది. కాగితం మీద పెట్టిన క్షణం నుంచే చట్టం దాన్ని కాపాడుతుంది.

అపోహ: రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కు లేదు.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది తప్పనిసరి కాదు. కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది. కావాలంటే మీరే చేయించుకోండి, సాహిత్య రచనకు ప్రభుత్వ రుసుము 500 రూపాయలు. ప్రతిని మీ చిరునామాకే పోస్టులో పంపుకుంటే కొత్త హక్కేమీ రాదు.

అపోహ: పేర్లు మార్చి రాసుకుంటే తప్పు కాదు.

వాస్తవం: తప్పే. రెండూ చదివినవారికి ఇది దానికి నకలేనని స్పష్టంగా అనిపిస్తే పేర్ల మార్పు కాపాడదు.

అపోహ: ప్రచురణకర్త ఇచ్చే ఒప్పందం మామూలు కాగితమే, సంతకం పెట్టేయవచ్చు.

వాస్తవం: మీ కథ చేజారేది ఎక్కువగా ఇక్కడే. ఐడియా చెప్పడానికి వణికేవాళ్లు దీన్ని చదవకుండానే సంతకం చేస్తారు! హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతోనే జరగాలి. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే లెక్కిస్తుంది. కానీ 'సర్వహక్కులూ శాశ్వతంగా' అని రాసి ఉంటే సినిమా, ఆడియో, అనువాదం అన్నీ పోయే ప్రమాదముంది. ఆ మాట కనిపిస్తే నాలుగు రోజులు గడువు అడిగి న్యాయవాదికి చూపించండి. గడువివ్వనంటే ప్రతి తీసుకుని వచ్చేయండి.